అమ్మ చీర పట్టుకుని నాలుగు నేత ఊళ్ళు

మా అమ్మ బీరువాలో ఒక చీర ఉండేది. ఆవపువ్వు రంగు బాడీ, ముదురు ఎరుపు అంచు, కొంగు కూడా అదే ఎరుపు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. చీర నా దగ్గరికి వచ్చింది కానీ అది ఎక్కడి చీరో ఎప్పుడూ అడిగి పెట్టుకోలేదు. నేను గద్వాల అంటాను, మా చెల్లి నారాయణపేట అంటుంది. కట్టినప్పుడల్లా ఇదే వాదన.

పోయిన నవంబరులో చెల్లి కూతురికి పెళ్ళి కుదిరింది. పెట్టుబడి చీరలు ఎలాగూ కొనాలి. అమీర్‌పేటలో ఒక షాపులో కూర్చుని అన్నీ ఒకేసారి తీసేసుకునే బదులు నేసే ఊళ్ళకే వెళ్దామనుకున్నాం. ఒక కారు మాట్లాడుకుని పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట అని నాలుగు రోజుల ప్లాన్ వేసుకున్నాం. అమ్మ చీరని పాత తువ్వాల్లో చుట్టి నా సంచిలో అడుగున పెట్టుకున్నాను.

హైదరాబాదు నుంచి పోచంపల్లి దాదాపు 45 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులు ఉన్నాయి, ఈ ఒక్క ఊరికే అయితే కారు అక్కర్లేదు. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం ఇచ్చిన ఊరు ఇది, భూదాన్ పోచంపల్లి అన్న పేరు అలా వచ్చిందే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మెయిన్ రోడ్డంతా చీరల షాపులే. విసుక్కోకుండా చూపిస్తారు, కొనకపోయినా మొహం మార్చుకోరు. కానీ తేడా తెలుసుకోవాలని వెళ్ళేవాళ్ళు షాపులో మొదలుపెట్టకండి. ముందు మగ్గం ఉన్న ఇల్లు వెతుక్కోండి. షాపుల వాళ్ళని అడిగితే వాళ్ళే చెబుతారు.

మేం వెళ్ళిన ఇంటావిడకి నా వయసే ఉంటుంది. గోడకి ఆనించిన పాత ఆసు చూపించింది, రంగు వెయ్యకముందు దారం చుట్టుకునే చట్రం అది. ఒకవైపు అర్ధచంద్రాకారంలో మేకులు, ఇటువైపు ఒక్క మేకు. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఒక్కో మేకుకీ తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు ఊగుతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆ పనికి యంత్రం కనిపెట్టి, ఆవిడ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. "మా అత్తకు చెయ్యి లేవకుండైంది అక్కా, నాకు ఆ తిప్పల లేదు" అని ఇంటావిడ తన మెషిన్ మీద చెయ్యి వేసి చెప్పింది.

ఆసు పోశాక దారాల మీద డిజైన్ గుర్తులు పెడతారు. రంగు తగలకూడని చోట రబ్బరు పట్టీలు బిగించి కడతారు. ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో చోట కట్టి మళ్ళీ ముంచుతారు. అంటే చీర మీద కనపడే పువ్వు మగ్గం ఎక్కకముందే దారంలో ఉంది. నేసేటప్పుడు ఆ రంగు ముక్కలన్నీ పక్కపక్కన వచ్చి కూర్చోవాలి. ఇలా దారానికి ముందే రంగులు కట్టి నేసేదే ఇక్కత్. వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి, అందుకే ఇక్కత్‌లో గీత చివర కొద్దిగా చెదిరినట్టు ఉంటుంది. గీత గీసినట్టు నిక్కచ్చిగా ఉంటే అనుమానించాలి.

ఆవిడ ఒక పాత ముక్క కొస నుంచి ఒకే ఒక్క పేక దారం, అంటే అడ్డంగా నేసే దారం, లాగి నా అరచేతిలో పెట్టింది. జానెడు దారం. కొంచెం తెలుపు, కొంచెం ఎరుపు, కొంచెం నలుపు, మళ్ళీ ఎరుపు. ఎటు తిప్పినా రంగు నిండుగానే ఉంది. తర్వాత చెల్లి చున్నీ కొస నుంచి ఒక దారం లాగింది. దానికి ఒక పక్కనే రంగు, ఇంకో పక్క పాలిపోయిన తెలుపు. ప్రింటు! ఆ చున్నీ పొద్దున వచ్చే దారిలో టీ కోసం ఆగినప్పుడు ఒక హైవే షోరూంలో 'ఒరిజినల్ పోచంపల్లి' అని చెబితే 1,800 పెట్టి కొన్నది. బిల్లు తీసి చూస్తే 'చున్నీ' అని తప్ప ఇంకో మాట లేదు. చెల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డబ్బు పోయినందుకు కాదు, వేల సార్లు చెయ్యి ఊపిన వాళ్ళ పేరు చెప్పి అమ్ముకున్నందుకు. కొనేటప్పుడు బిల్లు మీద చేనేత ఇక్కత్ అని రాయమనండి, చేనేత మార్కు ఉందేమో చూడండి. పట్టు అయితే సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. అడిగితే తప్పేం లేదు.

ఆ రాత్రి చౌటుప్పల్ దగ్గర హైవే హోటల్లో ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, ఇడ్లీ బాగుంది, లారీల హారన్లకి నిద్ర మాత్రం పట్టలేదు. మీకు హైదరాబాదులో ఇల్లుంటే తిరిగి వెళ్ళిపోవడమే మేలు.

పుట్టపాకకి చౌటుప్పల్ మీదుగా సంస్థాన్ నారాయణపురం వైపు వెళ్ళాలి. పోచంపల్లిలా సందడి ఉండదు. భోజనం హోటల్ కోసం వెతక్కండి, డబ్బా కట్టుకెళ్ళండి. నా మటుకు నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చిన పూట ఇక్కడిదే. ఇది తేలియా రుమాల్ అనే చదరపు ఇక్కత్ బట్ట బతికున్న ఊరు. పుట్టింది చీరాలలో, నిలబెట్టింది పుట్టపాక. ఇక్కడి గజం గోవర్ధనకి 2011లో పద్మశ్రీ వచ్చింది, తేలియా రుమాల్‌కి 2020లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది.

తేలియా అంటే నూనె పట్టినది. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళు, నూనె కలిపి అందులో నూలుని రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. అలా చేస్తే ఎర్ర రంగు దారంలోకి దిగి నిలబడుతుంది. ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆ వాసన తగిలింది. పాత గానుగ దగ్గర నిలబడ్డట్టు ఉంది. పెద్దాయన ఒక రుమాలు తెచ్చి "ముందు వాసన చూడు బిడ్డా, తర్వాత డిజైన్ చూడు" అన్నాడు. చూశాను. కొత్త బట్టే, కానీ నూనె జిడ్డు జ్ఞాపకం లాంటి వాసన ఇంకా ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. గళ్ళు గళ్ళుగా విడదీసిన జామెట్రీ బొమ్మలు. ఒకప్పుడు ఇవి ఓడలెక్కి అరబ్బు దేశాలకి తలపాగాలుగా వెళ్ళేవి.

ఇక్కడ ఇంకో సంగతి తెలిసింది. మామూలు ఇక్కత్‌లో పడుగుకో (నిలువు దారాలు) పేకకో ఒక్కదానికే చిటికి, అంటే రంగు అంటకుండా కట్టే కట్టు, కడతారు. డబుల్ ఇక్కత్‌లో రెండిటికీ. పడుగులో ఎరుపు ముక్క ఉన్న చోటే పేకలో ఎరుపు ముక్క వచ్చి దాని మీద పడాలి. చూసి పోల్చడం ఎలా అంటే, రెండూ కలిసిన చోట రంగు చిక్కగా ఉంటుంది, ఒక్కటే ఉన్న చోట పలచగా. చెల్లి ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూసింది, చిన్న చిన్న చదరాల్లాగా కనపడ్డాయి. పెళ్ళికూతురికి ఒక పట్టు డబుల్ ఇక్కత్ ఇక్కడే తీసుకున్నాం. ధర విని ముందు ఇద్దరం వెనక్కి తగ్గాం, నిజమే. కానీ ఆ చీర వెనక ఇద్దరు మనుషుల నెలల పని ఉందని ఆ మగ్గం ముందు కూర్చున్నాక బేరం ఆడబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం బయలుదేరి, శంషాబాదు నుంచి 44వ నంబరు హైవే పట్టుకుని, జడ్చర్ల దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగి గద్వాల చేరేసరికి రాత్రయింది. కాచిగూడ నుంచి రైలు కూడా ఉంది, ఒక్క గద్వాలకే వచ్చేవాళ్ళకి రైలే సుఖం. మేం దిగిన లాడ్జి సంగతి చెప్పాలి. ఫోన్లో 24 గంటలూ వేడినీళ్ళు అన్నారు, పొద్దున్నే బకెట్టు అడిగితే అరగంట తర్వాత గోరువెచ్చగా సగం బకెట్టు వచ్చింది. దుప్పట్లు మార్చమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పెద్దవాళ్ళతో వెళ్తే గది కళ్ళతో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. తిండికి మాత్రం లోటు లేదు. వేడి జొన్న రొట్టె, గోకరకాయ కూర, పల్లీల చట్నీ తిని కడుపు నిండిపోయింది. కోటలో చెన్నకేశవస్వామి గుడి చూసి నేతవాళ్ళ వీధికి వెళ్ళాం.

గద్వాల మగ్గం చూస్తే ఆ చీర ఎందుకంత ప్రత్యేకమో అర్థమవుతుంది. బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే మగ్గం మీద మూడు నాడెలు, అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసేవి, తిరుగుతాయి. ఎడమ అంచుకి ఒకటి, బాడీకి ఒకటి, కుడి అంచుకి ఒకటి. బాడీ దారం అంచు దాకా వచ్చి ఆగి, అంచు దారానికి కొక్కెంలా తగులుకుని వెనక్కి తిరుగుతుంది. ప్రతి వరసా అలాగే. అందుకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. దీన్నే కుప్పడం అంటారు. బాడీ దారం అంచులోకి పోదు కాబట్టి అంచు రంగు కలగాపులగం కాకుండా గాఢంగా ఉంటుంది. షాపుల్లో సీకో అని చూపిస్తే అది పట్టూ నూలూ కలిసిన చీర అని గుర్తు.

అప్పుడు అమ్మ చీర తీశాను. మగ్గం మీదున్న ముసలాయన కళ్ళజోడు తుడుచుకుని, చీర ముందు వైపు అసలు చూడలేదు. తిరగేశాడు. అంచూ బాడీ కలిసే చోట బొటనవేలి గోరుతో మెల్లగా గీశాడు. నన్ను కూడా తడమమన్నాడు. సన్నని గట్టులాంటిది వేలికి తగిలింది. "గిది మా కుప్పడమే బిడ్డా" అన్నాడు. ఇంకొంచెం ముందుకు జరిపి ఒక చోట ఆగాడు. అక్కడ రెండు మూడు వరసలు ఆవపువ్వు రంగు దారం ఎర్ర అంచులోకి తప్పిపోయి ఉంది. ఇన్నేళ్ళూ నేనది చూడనే లేదు. "పక్కన కూసున్నది చిన్నపిల్ల అయ్యుంటది. నాడె అందుకునేది లేటయింది" అన్నాడు. చెల్లి, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. వాదన గెలిచానన్న సంతోషం కన్నా, ఆ చిన్నపిల్ల ఎవరో అన్న ఆలోచనే ఎక్కువసేపు నిలిచింది.

ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకి శ్రీవారికి వెళ్ళే ఏరువాడ జోడు పంచెలు ఈ ఊళ్ళోనే నేస్తారు. గద్వాల సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అది. నేసేవాళ్ళు 41 రోజులు దీక్షలో ఉంటారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆ వీధిలో అందరి గొంతూ కొంచెం నెమ్మదిస్తుంది. సాయంత్రం అలంపురం వెళ్ళి జోగులాంబ దర్శనం చేసుకున్నాం. తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాల దగ్గర ఇంకో పూట ఉండాల్సింది.

నాలుగో రోజు జూరాల డ్యాం మీదుగా నారాయణపేటకి బయలుదేరాం. జూరాల దగ్గర వేయించిన చేప తినకుండా పోవద్దు. అక్కడ రోడ్డు పక్క బండ్లే ఏ హోటల్ కన్నా నయం. నారాయణపేటలో తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ వినపడతాయి. శివాజీ దండుతో వచ్చిన నేతగాళ్ళు ఇక్కడే ఉండిపోయారని చెప్పుకుంటారు. చీరలో కూడా ఆ పోలిక ఉంది. గళ్ళ బాడీ, గుడి గోపురాల్లా కోసుగా వచ్చే అంచు, ఎర్ర కొంగు మీద తెల్ల పట్టీలు. మేం చూసిన మగ్గం మీద ఒకటే నాడె ఈ కొస నుంచి ఆ కొసకి పోతోంది. కాబట్టి బాడీ దారం అంచులోనూ ఉంటుంది. అంచుని ఎండలో వంచి చూస్తే రెండు రంగుల నీడ కనపడుతుంది, తిరగేసి తడిమితే వేలికి గట్టు తగలదు. అమ్మ చీరని పక్కన పెట్టి చూశాక చెల్లి ఒప్పుకుంది.

రోజూ కట్టుకోవడానికైతే నేను నారాయణపేట నూలు చీరకే ఓటేస్తాను. తేలిక, ఉతుక్కోవచ్చు, ధర అందుబాటు. పెట్టుబడికి 6 చీరలు ఇక్కడే తీసుకున్నాం. గద్వాల పూజలకీ పెళ్ళిళ్ళకీ. దాని మొదటి ఉతుకు మాత్రం డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి, నూలూ పట్టూ ఒకేలా ముడుచుకోవు, అతుకు దగ్గర లాగినట్టు అవుతుంది.

బయలుదేరే ముందు చెల్లి మగ్గం మీదున్న నేరేడు పండు రంగు చీర తనకి కావాలంది. ఇక్కడ ఒకే పడుగు మీద వరసగా 8 చీరలు నేస్తారు. "ఇది ఐదోది అక్కా, ఎనిమిదీ అయినంక కోస్తం" అన్నాడు నేసే అబ్బాయి. చెల్లి అడ్రసు రాసిచ్చి అడ్వాన్సు కట్టింది. పెళ్ళికి నాలుగు రోజుల ముందు కొరియర్‌లో వచ్చింది. కొంగు చివర కోసిన పడుగు దారాలు ఇంకా ముడి వెయ్యకుండా వేలాడుతున్నాయి. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని వాటిని ముడులు వేశాం.