బరంపురంలో "చదవడం ఎలా" కోర్సు: నాలుగు ఆదివారాలు, 1500 రూపాయలు, వెళ్ళొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఇది నా డబ్బులు కట్టి నేను వెళ్ళొచ్చిన కోర్సు, నన్నెవరూ రాయమనలేదు. పేరు కావాలనే పెట్టట్లేదు, పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి మరి. నెలకింత అని సీటు అద్దెకిచ్చే రీడింగ్ రూములు ఉంటాయి చూడండి, అలాంటి ఒక మేడ మీద గదిలో ప్రతి ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, మొత్తం నాలుగు వారాలు. కాలేజీలో చదువుకోవడం ఎలా, టైము ఎలా వాడుకోవాలి, లెక్చరర్లతో ఎలా మాట్లాడాలి ఇవన్నీ నేర్పుతాం అని కింద మెట్ల దగ్గర బోర్డు. ఫీజు 1500, మొత్తం ముందే కట్టాలి, ఒక వారం రాకపోతే ఆ వారం పోయినట్టే. కిట్ కావాలంటే ఇంకో 350.

మా అమ్మకి ఫోన్లో చెప్తే "ఏటే, చదువుకోడం ఎలాగో చెప్పడానికి పదిహేనొందలా? పుస్తకం తెరిచి చదవడమే కదా" అంది. నిజానికి నేనూ అలాగే అనుకునేదాన్ని, స్టాటిస్టిక్స్ పేపర్ పోయి బ్యాక్ వచ్చేదాకా, అంటే మళ్ళీ రాయాల్సి వచ్చేదాకా. చదవక వచ్చింది కాదది. పుస్తకం ఐదుసార్లు తిరగేశాను, హైలైటర్ ఒకటి అయిపోయి రెండోది కొన్నాను, పండగనాడు పసుపు రాసిన గడపలా ఉండేవి నా పేజీలు. తీరా హాల్లో కూర్చున్నాక ఆ లెక్క ఏ పేజీలో ఏ మూలన ఉందో కళ్ళముందు కనిపిస్తోంది కానీ ఆ లెక్క మాత్రం రావట్లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాది పర్లాకిమిడి, ఒడిశాలోనే, ఆంధ్ర సరిహద్దు పక్కన. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ త్రీకి, అంటే డిగ్రీకి, బరంపురం వచ్చాక పుస్తకాలన్నీ ఇంగ్లీషు. మా గదిలో నలుగురం ఉంటే ముగ్గురం ఇదే బాపతు, తెలుగు గలగలా మాట్లాడతాం, రాయమంటే ఒడియా అక్షరాల్లో రాస్తాం. నాకు తెలుగు రాయడం మా తాతయ్య నేర్పాడు కాబట్టి ఇది టైప్ చేయగలుగుతున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మొదటి ఆదివారం క్లాసు తీసుకున్నది రిటైరైన ఒక లెక్చరర్. ఒడియా ఆయనే కానీ ఎన్నేళ్ళుగా బరంపురంలో ఉన్నారో ఏమో తెలుగులో అడిగి, ఒడియాలో కేకలేసి, ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తారు. వచ్చీరాగానే తుఫాన్లు ఎలా పుడతాయి అని ఒక పేజీ కాగితం అందరికీ పంచారు. మాకందరికీ నవ్వొచ్చింది, గంజాం జిల్లాలో కూర్చోబెట్టి తుఫాను గురించి చెప్తారా, 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మేం పిల్లలమే అయినా ఆ గాలి చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేదు. సగం మందిని ఆ పేజీ నాలుగుసార్లు చదవమన్నారు, మిగతా సగాన్ని ఒక్కసారి చదివి, కాగితం బోర్లించి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయమన్నారు. నేను రాసే గుంపులో పడ్డాను. ఐదు లైన్లు రాసి పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నా. అవతలి గుంపు వాళ్ళు హాయిగా తలలూపుతున్నారు, అంతా వచ్చేసినట్టే. అప్పుడు మనసులో అనుకున్నా, 1500 బూడిదలో పోశానని.

తర్వాతి ఆదివారం చెప్పాపెట్టకుండా మళ్ళీ తెల్లకాగితాలు ఇచ్చి అదే రాయమన్నారు. మా గుంపు వాళ్ళకి ఎంతో కొంత వచ్చింది, నాలుగుసార్లు చదివిన వాళ్ళలో ఎక్కువమందికి సముద్రం వేడెక్కుతుంది, గాలి తిరుగుతుంది, అంతే. ఎటు తిరుగుతుంది అంటే ఒకడు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూపించాడు, మనవైపు గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుందని ఆ పేజీలో రెండోలైన్లోనే ఉంది. అప్పుడు సార్ చెప్పారు, 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద ఇదే చేశారట. ఐదు నిమిషాల్లోనే పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళకే ఎక్కువ వచ్చింది, 81 శాతం, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళకి 75. వారం తర్వాత పెడితే తిరగబడింది, చదివినవాళ్ళు 42, రాసినవాళ్ళు 56. నా హైలైటర్ సంగతి నాకు అప్పుడు అర్థమైంది. చదివినప్పుడల్లా తెలిసిన మొహంలా కనిపిస్తుంది కదా, అది వచ్చేసిందనుకుంటాం. బస్టాండులో రోజూ కనిపించే మనిషి పేరు మనకి తెలుసా ఏంటి?

ఈ ఒక్క ముక్కకే సగం ఫీజు వసూలైనట్టు లెక్కేసుకున్నా నేను.

రెండోవారం మిగతా టైమంతా మర్చిపోవడం గురించి. ఎబ్బింగ్‌హాస్ అని ఒక జర్మనీ ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, ఎన్ని రోజులకి ఎంత పోతోందో తన మీద తనే లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడట. మొదట్లో గబగబా పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కాబట్టి పూర్తిగా పోకముందే మళ్ళీ ఒకసారి తట్టి లేపాలి. దానికి కార్డుల డబ్బా, లైట్నర్ డబ్బా అంటారు, ఐదు అరలుంటాయి, సమాధానం వచ్చిన కార్డు తర్వాతి అరలోకి వెళ్తుంది, రానిది మళ్ళీ మొదటి అరకే, వెనక అరలవి అప్పుడప్పుడు తీస్తే చాలు. 350 కిట్ అంటే ఇదే, పల్చటి ప్లాస్టిక్ డబ్బా, వంద కార్డులు, ఒక స్టిక్కర్ షీటు. దయచేసి కొనకండి. మా పిన్ని కూతురి పెళ్ళికి కొన్న పట్టుచీర డబ్బా ఒకటి ఉంటే దానిలో అట్టముక్కలు అడ్డం పెట్టాను, కార్డులకి పాత శుభలేఖలు కోశాను, వెనకవైపు ఖాళీయే కదా. ఇప్పుడు ఒక వైపు "చి. ల. సౌ." ఇంకో వైపు స్టాండర్డ్ డీవియేషన్. మా రూమ్మేట్ దీన్ని చూసి పడీపడీ నవ్వింది, తర్వాత తనూ ఇంట్లో అడిగి ఓ కట్ట తెచ్చుకుంది.

కార్డు మీద ప్రశ్న ఇంగ్లీషులోనే ఉండాలి పరీక్ష అలాగే వస్తుంది కాబట్టి, కానీ అర్థం మాత్రం ముందు మీ ఇంటి మాటల్లో చెప్పుకోండి అన్నారు సార్. ఇక్కడ నాకు మా ఊరి గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు, పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్తూనే, జనం మాట్లాడే భాషలో చదువు చెప్పాలని గొడవపడ్డాయన, సవర గిరిజన పిల్లల కోసం సవర భాష తాను నేర్చుకుని మరీ పుస్తకాలు రాశారు. ఊళ్ళో చిన్నప్పట్నుంచి ఆ పేరు వింటూనే ఉన్నా, నా స్టాటిస్టిక్స్‌కి పనికొస్తుందనుకోలేదు. ఆ వారం ఇంటికెళ్ళి మా నాన్న మీద ప్రయోగం చేశాను. నాన్నది ఆటో. "నాన్నా, ఒకతనికి రోజుకి 590, 600, 610 వస్తోంది, ఇంకొకతనికి 200, 600, 1000, సగటు ఇద్దరికీ ఆరొందలే, మరి ఇద్దరూ ఒకటేనా?" అన్నాను. "ఒకటెలాగవుతాదే, రెండోవోడు అప్పు చేస్తాడు" అన్నాడు నాన్న. డీవియేషన్ అంటే, అదే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరున్నాయో, అంతకన్నా బాగా నాకెవ్వరూ చెప్పలేదు, ఆ కార్డు వెనక అదే రాసుకున్నా.

మూడోవారం దండగ. సార్ రాలేదు, ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు పట్టుకుని ఇంకొకతను వచ్చాడు, గది నిండా ముప్పైమందిమి, మైకెందుకో. మీరు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అని ఇరవై ప్రశ్నల పేపరిచ్చి, మార్కులేసి, నేను "విని నేర్చుకునే రకం" అని తేల్చి, ఇక మీదట పాఠాలు రికార్డు చేసుకుని వినమన్నాడు. రూముకొచ్చి వెతికితే 2008లోనే పాష్లర్, ఇంకొందరు సైకాలజిస్టులు ఇదంతా పరిశీలించి, రకాన్ని బట్టి పాఠం చెప్తే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని రాశారు. అంటే పోయినవారం ప్రయోగం చేసి చూపించిన గదిలోనే ఈవారం జాతకం చెప్పారన్నమాట. టైముపాస్‌కి బాగుంది, పక్కనమ్మాయి "చేసి నేర్చుకునే రకం" కాబట్టి టీ పెట్టడం నేర్చుకోమని ఆటపట్టించాం.

అదేరోజు ఇరవైఐదు నిమిషాల పద్ధతి కూడా చెప్పాడు, టమాటా ఆకారం కిచెన్ టైమరు పెట్టుకుని చదివిన ఇటలీ కుర్రాడు చిరిల్లో, 1980ల చివర్లో మొదలెట్టాడు, ఇరవైఐదు నిమిషాలు చదువు ఐదు నిమిషాలు రెస్టు. పద్ధతి మంచిదే, ఫోను పక్కన పడేయడానికి నాకు ఇప్పటికీ పనికొస్తోంది. కానీ వీళ్ళేం చేశారంటే ఆ తర్వాత నుంచి కింద రీడింగ్ రూములో కూడా అందరికీ కలిపి ఒకటే గంట కొట్టడం మొదలెట్టారు. లెక్క మధ్యలో ఉంటాం, టంగుమని మోగుతుంది, అందరూ ఒకేసారి లేచి ఆ ఇరుకు మెట్ల మీద, ఐదు నిమిషాలు కిందకి దిగడానికే సరిపోతుంది. ఎవరి టమాటా వాళ్ళ దగ్గరుండాలి బాబూ. అమ్మాయిలకి బాత్రూం కింద షాపువాళ్ళది, తాళం వాళ్ళ దగ్గర, ఆదివారం షాపు మూస్తే తాళం కోసం ఫోన్లు. ఈ విషయం మొదటిరోజే చెప్పాం, నాలుగోవారం దాకా "చూస్తాం" అన్నారు.

నాలుగోవారం సార్ మళ్ళీ వచ్చారు, అదృష్టం. నోట్సు గురించి కొంచెంసేపు, పేజీకి ఎడమపక్క సన్నటి గీత గీసి అక్కడ ప్రశ్నలు రాసుకునే కార్నెల్ పద్ధతి. మా కాలేజీలో లెక్చరర్లు చెప్పిందే రాసుకోవడం కాబట్టి క్లాసులో కుదరదు, రాత్రి రూములో ఎడమపక్క నింపుతున్నా. తర్వాత లెక్చరర్ దగ్గరికెళ్ళి డౌటు అడగడం, సారే లెక్చరరు, మేం ఒక్కొక్కరం స్టూడెంటు. నేను వెళ్ళి "సార్, శాంపిల్ వేరియన్స్ అర్థం కాలేదు" అన్నాను. "ఏం అర్థం కాలేదు?" "మొత్తం సార్." "అయితే మళ్ళీ చదువుకో" అని తిప్పి పంపించేశారు. అందరూ నవ్వారు, నాకు మొహం మాడిపోయింది. మళ్ళీ పిలిచి, ఎక్కడిదాకా అర్థమైందో అది ముందు చెప్పు, ఎక్కడ ఆగిపోయావో అక్కడ వేలు పెట్టు అన్నారు.

రెండ్రోజుల తర్వాత మా నిజం లెక్చరర్ దగ్గరికి, ఆయనంటే డిపార్టుమెంటంతా భయం, నోట్సు పట్టుకెళ్ళి "సార్, సగటు నుంచి తేడాలు తీసి వర్గం చేసి కూడడం దాకా వచ్చింది, అక్కడ ఎన్ అంకెలుంటే ఎన్‌తో భాగించకుండా ఒకటి తగ్గించి ఎందుకు భాగిస్తున్నామో రావట్లేదు" అని మూడు భాషలు కలిపి అడిగేశాను. ఆయన ఒక క్షణం చూసి కూర్చోమన్నారు. సగటు కూడా అదే శాంపిల్లోంచి తీశాం కదా, ఆ సగటుకి శాంపిల్లో అంకెలు ఎలాగూ దగ్గరగానే ఉంటాయి, అసలు జనాభా, అంటే శాంపిల్ తీసిన మొత్తం గుంపు, దాని సగటు తెలిస్తే తేడాలు ఇంకొంచెం ఎక్కువే వచ్చేవి, ఆ తగ్గినదాన్ని సరిచేయడానికే ఒకటి తీసేయడం, అని పది నిమిషాల్లో చెప్పేశారు. రెండేళ్ళుగా ఆయన గుమ్మం ముందు నుంచి చెప్పులు చప్పుడవకుండా నడిచేదాన్ని నేను.

బ్యాక్ పేపర్ ఈసారి గట్టెక్కింది. కోర్సు వల్లా, మళ్ళీ పోతే నాన్నకేం చెప్పాలన్న భయం వల్లా అంటే రెండూ ఉన్నాయి. ఐదుకి మూడు ఇస్తా, సార్ క్లాసులు మటుకే అయితే నాలుగున్నర, మైకు ఆయన వారానికి సున్నా. వెళ్ళేవాళ్ళు ముందే ఫోన్ చేసి ఆ బ్యాచ్‌కి ఎవరు చెప్తున్నారో అడగండి, బాత్రూం తాళం సంగతి కూడా అడగండి, కిటికీ పక్క సీటు వద్దు, పదకొండు దాటితే ఎండ నెత్తిమీదే. డబ్బా కొనొద్దని మళ్ళీ చెప్తున్నా, శుభలేఖలు కావాలంటే మా ఇంట్లో ఇంకా రెండు కట్టలున్నాయి.