చవక కొత్త స్కూటరా, పేరున్న పాత స్కూటరా: ఏది మేలు?

చేతిలో ఉన్న డబ్బు మంచి కంపెనీ కొత్త స్కూటరుకు చాలదు. ఆ డబ్బుతోనే ఎన్నడూ పేరు వినని కంపెనీ కొత్త బండి వస్తుంది, పేరున్న కంపెనీ నాలుగైదేళ్ల పాత బండీ వస్తుంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు కదా, మనసు మెరిసే బండి వైపే లాగుతుంది. నాకూ అలాగే లాగింది, కొన్నాను. రెండో నెలలో సైలెన్సర్ బోల్టు ఒకటి దారిలో ఎక్కడో రాలిపోయింది. మిగిలిన వాటికి పానా పెట్టి చూస్తే సగానికి సగం చేతితో తిప్పినా తిరిగేటంత వదులుగా ఉన్నాయి.

తమాషా ఏమిటంటే, అలాంటి బండ్లలో ఇంజను అంత చెడ్డదేమీ కాదు. ప్రపంచంలోని చవక స్కూటర్లలో చాలావాటికి తైవాన్ సంస్థ కిమ్‌కో రూపొందించిన జీవై6 ఇంజనుకు నకళ్లే ఆధారం. 50 సీసీ రకం మీద 139క్యూఎంబీ అని ముద్ర ఉంటుంది. అందులో 39 అంటే సిలిండర్ లోపలి వ్యాసం 39 మిల్లీమీటర్లని. ఎన్నో ఫ్యాక్టరీలు ఒకే కొలతలతో చేస్తాయి కాబట్టి దీని విడిభాగాలు చవక, ఒక కంపెనీవి మరో కంపెనీ బండికి సరిపోతాయి కూడా. ధర తగ్గించేది మన కంటికి ఆనని చోట్ల: బోల్టులు, బేరింగులు, వైర్లు, రబ్బరు గొట్టాలు, టైర్లు. కొత్త బండిలో మొదటిసారి ఇంజను ఆయిల్ దించినప్పుడు దాన్ని వెలుతురులో పెట్టి చూడండి, సన్నని లోహపు పొడి మెరుస్తుంది. ఏ కొత్త ఇంజనులోనైనా కొంత ఉంటుంది, చవక దాంట్లో ఎక్కువ. అందుకే తొలి ఐదు వందల కిలోమీటర్లలోపే ఆ ఆయిల్ మార్చేసి, ప్రతి నట్టూ మళ్లీ బిగించాలి. ఆ ఓపిక ఉన్నవారికి ఈ బండి మంచి బేరమే. నాకు లేదు.

వారంటీ ఉంది కదా అంటారు. దగ్గర్లో బాగుచేసేవారు, విడిభాగం ఇచ్చేవారు లేకపోతే అది ఉత్త కాగితం.

పాత బండితో చిక్కు వేరు. అమ్మేవారు చెప్పని సంగతులు బండినే అడిగి తెలుసుకోవాలి. ముందుగా ఇంజను మీద చేయి ఆనించండి. వేడిగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారాక మళ్లీ రండి. స్టార్ట్ చేయగానే నీలిరంగు పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. మీటరు ఎనిమిది వేల కిలోమీటర్లు చూపిస్తూ, పాదాలు పెట్టే రబ్బరు నున్నగా అరిగి, తాళం రంధ్రం చుట్టూ గీతలు పడి ఉంటే మీటరును నమ్మకండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 3519 అంటే 2019లో 35వ వారం తయారీ. తరువాత సెంటర్ స్టాండు వేసి, వెనక ఎవరినైనా నొక్కమని ముందు చక్రం గాలిలోకి లేపి, రెండు వేళ్లతో హ్యాండిల్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యకు రాగానే చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే హ్యాండిల్ తిరిగే బేరింగు దెబ్బతింది. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోతోందా, బండి మీద అప్పు ఉందా అన్నవి చివరికి వదిలేయవద్దు.

గేర్లు లేని స్కూటర్లో ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించే రబ్బరు బెల్టు ఎప్పుడో ఒకప్పుడు అరిగి తెగుతుంది, తెగితే బండి అక్కడే ఆగుతుంది. పాత బండి కొనేటప్పుడు దాని ఖర్చు, టైర్ల ఖర్చు బేరంలోనే కలిపేయాలి.

రెండింటిలోనూ నేను రాజీపడనిది బ్రేకు దగ్గర. ముందు డిస్కు ఉందని మురిసిపోనవసరం లేదు. నాసిరకం డిస్కు కన్నా సరిగా అమర్చిన డ్రమ్ము నయం. గతుకుల దారిలో తిరిగేవారికి పది అంగుళాల చక్రం కన్నా పన్నెండు అంగుళాలది హాయి. బండి పైతొడుగు ఫైబరా ఇనుమా అన్నదానికి నేను అంత విలువ ఇవ్వను: ఒకటి పగులుతుంది, ఇంకొకటి తుప్పు పడుతుంది. ఇక ఆగి, డబ్బు కూడబెట్టి మంచి కొత్తదే కొనడం అన్నిటికన్నా మేలే, కానీ రేపు పనికి వెళ్లాల్సినవారికి ఆ సలహా ఎందుకు?

పానా పట్టడం వచ్చి, జీవై6 విడిభాగాలు దొరికే చోట ఉన్నవారు కొత్త చవక బండి తీసుకోవచ్చు. మిగిలినవారికి నా ఓటు పాతదానికే. ఇప్పుడు నేను నడుపుతున్నది అదే. కొన్న వారంలోనే బెల్టు, రెండు టైర్లు, బ్రేకు షూలు మార్పించాను. అన్నీ కలిపినా ఆ కొత్త బండికి పోసిన డబ్బు దాటలేదు. హ్యాండిల్ మధ్యలో పట్టుకుంటోందని చూపించే ధర తగ్గించుకున్నాను. ఆ బేరింగు పని ఈ ఆదివారం.