పలాస జీడిపప్పు షాపుకి గూగుల్ యాడ్స్ అవసరమా? యాడ్సూ, ఫ్రీ దారీ రెండూ వాడుతూ రాస్తున్న రివ్యూ

పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో మాది చిన్న జీడిపప్పు షాపు. ఫ్యాక్టరీ ఏమీ లేదు, పప్పు కొని గ్రేడు చూసి ప్యాక్ చేసి అమ్ముకుంటాం. గూగుల్లో కనిపించడానికి డబ్బు కట్టే గూగుల్ యాడ్సూ వాడుతున్నాం, సెర్చ్‌లో, మ్యాప్‌లో షాపు వివరాలు చూపించే, పైసా కట్టక్కర్లేని బిజినెస్ ప్రొఫైలూ, దాంతోపాటు ఒక చిన్న వెబ్‌సైటూ నడుపుతున్నాం. ఏది పెట్టుకోమంటారు అని చుట్టుపక్కల షాపులవాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నా. ముందు ఫ్రీది పూర్తిగా సర్దుకోండి, యాడ్స్ సంగతి దీపావళి ముందు చూసుకోవచ్చు.

ఎందుకంటే మా షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది 16వ నంబరు హైవే మీద విశాఖ నుంచి బరంపురం వైపో, అటునుంచి ఇటో పోయేవాళ్లే. పలాస దగ్గరపడగానే కార్లో ఎవరో ఒకరు ఫోన్ తీసి దగ్గర్లో జీడిపప్పు షాపు ఎక్కడుందని వెతుకుతారు. అప్పుడు మ్యాప్‌లో ఎవరిని పైన చూపించాలన్నది గూగుల్ ముఖ్యంగా మూడు విషయాల మీద తేలుస్తుంది, అడిగినదానికీ మీ షాపుకీ పొంతన ఉందా, ఎంత దూరం, జనంలో ఎంత పేరుంది అని. ఈ వరసలో పైకి రావడానికి డబ్బు కట్టే పద్ధతి లేదు, ఆ మాట గూగులే రాసుకుంది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండిటికీ చేయగలిగింది ఉంది. కేటగిరీ సరిగ్గా పెట్టడం, పండగ రోజు మూసేస్తే టైమింగ్స్ మార్చడం, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే సైజు గ్రేడుల ట్రేలు పక్కపక్కన పెట్టి ఫోటోలు తీయడం, రివ్యూలకి జవాబివ్వడం. 'రివ్యూ రాస్తే వంద గ్రాములు ఫ్రీ' అనే బోర్డులు కొన్ని చోట్ల కనిపిస్తాయి, అది గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, ఆ రివ్యూల్ని గూగుల్ తీసేయొచ్చు కూడా. బిల్లు ఇచ్చేటప్పుడు నోటితో అడగండి చాలు, నచ్చినవాళ్లు రాస్తారు.

వెబ్‌సైట్ కథ వేరు. 'జీడిపప్పు కిలో ధర' అని కొడితే పెద్ద పెద్ద ఆన్‌లైన్ కంపెనీలే వరసగా వస్తాయి, అక్కడ మనలాంటి షాపు పైకెక్కుతుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ 'పలాస డబ్ల్యూ 240 హోల్‌సేల్' అని వెతికేవాడు వేరే రకం. వాడు స్వీటు షాపువాడో క్యాటరింగ్‌వాడో అయ్యుంటాడు, ఏం కావాలో వాడికి తెలుసు. అలాంటివాళ్ల కోసం గ్రేడుకొక పేజీ పెట్టి, 240 అంటే పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, 220 నుంచి 240 గుండ్లు తూగే పప్పు అని, 320 అయితే 300 నుంచి 320 తూగుతుంది కాబట్టి సైజు చిన్నదని, పాయసంలోకి బద్ద చాలని తెలిసిన భాషలో రాసుకున్నాం. ఫలితం నెమ్మదిగానే వస్తుంది. మార్పులు చేశాక అది సెర్చ్‌లో కనబడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఓపిక లేకపోతే ఇది చిరాకే. వచ్చిన ఫోన్లు మాత్రం ఊరికే రేటు కనుక్కునేవి కావు.

ఇక యాడ్స్. క్లిక్ చేస్తేనే డబ్బు, యాడ్ చోటుకి జరిగే వేలంలో ఎక్కువ పాడినవాడికే పైన చోటు దొరుకుతుందనీ లేదు, యాడ్ నాణ్యత, క్లిక్ చేశాక తెరుచుకునే పేజీ కూడా చూస్తారు. ఈ రోజు పెడితే త్వరలోనే ఫోన్ మోగొచ్చు, ఫ్రీ దారిలో లేనిది అదే. అయితే బడ్జెట్ రోజుకి 200 రూపాయలు అని పెడితే ఖచ్చితంగా 200 దగ్గర ఆగదు. ఒక్కోరోజు దానికి రెట్టింపు దాకా పోవచ్చు, నెల మొత్తానికి 30.4 రెట్లు, అంటే 6,080 దాటదు. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. సెట్టింగుల్లో ఏరియా దగ్గర మామూలుగా ఉండేది 'ఆ ఊళ్లో ఉన్నవాళ్లు, లేదా ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లు' అని. పలాస కిరాణా షాపుకైతే అది దండగ, ఎక్కడో హైదరాబాదులో కూర్చుని పలాస గురించి వెతికేవాడు పప్పులూ ఉప్పులూ కొనడానికి ఇక్కడికి రాడు కదా. మాకు మాత్రం వాడే కావాలి, పార్శిల్ పంపుతాం కాబట్టి అలాగే ఉంచాం. యూట్యూబ్‌లో చూసి ఎవరి సెట్టింగో దించేసుకోవద్దు అనేది ఇందుకే.

అన్నిటికన్నా ముఖ్యం నెగెటివ్ కీవర్డ్స్, అంటే ఏ మాటలతో వెతికితే మన యాడ్ రాకూడదో ముందే చెప్పి పెట్టడం. జీడిపప్పు అనే మాటతో మెషిన్లు కొనేవాళ్లు వెతుకుతారు, ఫ్యాక్టరీలో పని కావాలనేవాళ్లు వెతుకుతారు, జీడి పిక్కల బస్తా రేటు కోసం ఉద్దానం రైతులు వెతుకుతారు, కూర ఎలా వండాలని వెతికేవాళ్లు సరేసరి. వీళ్లలో ఎవరు నొక్కినా మన డబ్బే. జనం ఏ మాటలతో వెతికితే మన యాడ్ వచ్చిందో చూపించే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు అని ఒకటి ఉంటుంది, వారానికోసారైనా అది తెరిచి అక్కర్లేని మాటల్ని నెగెటివ్ లిస్టులో వేస్తూ ఉండాలి. అంత తీరిక లేనివాళ్లు యాడ్స్ జోలికి పోకపోవడమే మేలు.

మధ్యలో ఒక ఏజెన్సీవాళ్లు ఫోన్ చేసి మూడు నెలల్లో ఫస్ట్ పేజీలో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ, అడ్వాన్స్ ఇవ్వండి అన్నారు. ఏ మాటకి ఫస్ట్ ప్లేస్ అండీ అని అడిగితే మీ షాపు పేరుకే అన్నారు. మా షాపు పేరు కొడితే మేమే వస్తున్నాం, దానికి డబ్బెందుకు! సెర్చ్‌లో మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సాయం పేజీలోనే రాసి పెట్టింది, అడ్వాన్స్ అడిగేవాళ్లకి అది చూపించండి.

మార్కులు వెయ్యమంటే బిజినెస్ ప్రొఫైల్‌కి 5కి 4.5 వేస్తాను, వెబ్‌సైట్‌కి 3.5, యాడ్స్‌కి మామూలు రోజుల్లో 2, దీపావళి గిఫ్టు బాక్సుల టైములో 4. ఆ టైములో కూడా యాడ్‌ని షాపు తెరిచి ఉండే గంటలకే షెడ్యూల్ చేయండి, రాత్రి పదకొండుకి ఫోన్ ఎత్తే మనిషి లేకపోతే ఆ క్లిక్కు డబ్బులు వృథానే.