పిల్లలూ పెద్దలూ కలిసి ఫోన్ల గురించి మాట్లాడుకునే తరగతి: ఒక సమీక్ష

విజయవాడ మొగల్రాజపురంలోని ఒక కౌన్సెలింగ్ కేంద్రంవారు హైస్కూలు, ఇంటర్ పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి ఫోన్ల వాడకంపై మాట్లాడిస్తున్నారు. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి ఒక ఆదివారం ఉదయం వెళ్లాను. ఇలాంటి కార్యక్రమాల్లో సాధారణంగా పెద్దలు చెప్పడం, పిల్లలు తలవంచుకుని వినడమే జరుగుతుంది కాబట్టి, ఇక్కడి పద్ధతి గురించి వివరంగా రాయాలనిపించింది.

మొదటి భాగమంతా మాట్లాడే అవకాశం పిల్లలకే ఇచ్చారు. పెద్దలెవరైనా మధ్యలో అందుకోబోతే నిర్వాహకురాలు మర్యాదగానే ఆపారు. ఇంటర్ మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు, తన మార్కుల మెమోను నాన్నగారు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారని, పెట్టవద్దని ముందే చెప్పినా వినలేదని అన్నాడు. "మంచి మార్కులే కదరా, అందరూ సంతోషిస్తారని పెట్టాను" అన్నారు తండ్రి. "మా ఫ్రెండ్‌కి తక్కువొచ్చాయి నాన్నా. వాళ్లమ్మగారు నీ స్టేటస్ చూపించి వాణ్ణి తిట్టారు" అన్నాడు అబ్బాయి. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అక్కడే కొడుకుకు సారీ చెప్పారు. పిల్లల ఫొటోలు, వివరాలు బయటపెట్టే ముందు వాళ్లను అడగాలన్న మాట ఏ ఉపన్యాసంలో విన్నా నాకు ఇంత సూటిగా తగిలేది కాదు.

రెండో భాగంలో ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్ల (18 ఏళ్లలోపు పిల్లలకు ఉండే ప్రత్యేక అకౌంట్ల) సెట్టింగులను పిల్లలచేతే పెద్దలకు చూపించారు. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ అమలులోకి వచ్చిన ఈ ఏర్పాటులో అకౌంటు మొదటినుంచే ప్రైవేటుగా ఉంటుంది, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు మోగవు, 16 ఏళ్లలోపువాళ్లు ఈ కట్టుబాట్లను సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పిల్లల అకౌంటును గమనించేందుకు ఇన్‌స్టాగ్రామ్‌లోని పర్యవేక్షణ సెట్టింగు పెట్టుకున్న తల్లిదండ్రులు గత 7 రోజుల్లో పిల్లలు ఎవరెవరికి మెసేజ్ చేశారో చూడగలరు గానీ, ఆ మెసేజ్‌లను మాత్రం చదవలేరు. ఇది చాలదని కొందరు తల్లులు అన్నారు. ఇదే ఎక్కువని పిల్లలు గట్టిగా వాదించారు. నిర్వాహకురాలు తీర్పు చెప్పకుండా ఆ వాదనను సాగనివ్వడం నాకు ఎంతో నచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నదీ తెలిస్తే చాలునని, అక్కరలేనంత తొంగిచూస్తే పిల్లలు ఇంకో దొంగ అకౌంటు తెరుస్తారని నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే ఉండటంతో కొందరు తల్లులు పక్కవాళ్లను అడిగి తెలుసుకోవలసి వచ్చింది. అంతకన్నా బాధ కలిగించినది చివరి భాగం. ఎవరైనా తన ఫొటోను మార్చి బెదిరిస్తే ఏం చేయాలని ఒక అమ్మాయి అడిగితే, సమయం అయిపోయిందంటూ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరు ఒక్కటి చెప్పి ముగించారు. ఆ నంబరు ముఖ్యంగా ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల కోసం. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఇలాంటి నేరాలపై జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. మనసు కుంగినప్పుడు ఉచితంగా మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. అడగడానికి అంత ధైర్యం చేసిన పిల్లకు ఈ రెండూ చెప్పి పంపవలసింది.

ఈ లోపాలున్నా, ఎనిమిదో తరగతి దాటిన పిల్లలున్నవాళ్లు తప్పక వెళ్లవలసిన తరగతి ఇది. గూడవల్లి, నిడమానూరు వైపు కాలేజీ హాస్టళ్లలో ఫోను లేకుండా నెలల తరబడి ఉండి, సెలవులకు ఇంటికి రాగానే ఫోను వదలని పిల్లల కోసం దసరా, సంక్రాంతి రోజుల్లో ప్రత్యేకంగా ఒక తరగతి పెట్టమని నిర్వాహకులను కోరాను, ఆలోచిస్తామన్నారు.