బడి భోజనానికి నాలుగు స్టార్లు, ఆటలకి రెండే

మా పాప కోనసీమలో ఒక ఊరి ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి చదువుతోంది. అక్కడి పేరెంట్స్ కమిటీలో నేనూ ఉన్నాను, కాబట్టి వంటగదిలోకి వెళ్ళి చూస్తుంటాను, ఖర్చుల పుస్తకం కూడా అడిగి తిరగేస్తుంటాను. కొత్తగా బిర్యానీ సెంటర్ పెడితే వారం తిరక్కుండా వంద రివ్యూలు పడతాయి. మన పిల్లలు రోజూ మధ్యాహ్నం తినే భోజనం గురించి ఎవరూ రాయరు. అందుకే రాస్తున్నా.

ముందు తిండి సంగతి. పథకం పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. ఆవిడ మా లంకల గన్నవరం ఆవిడే, గోదావరి పాయ దాటి ఆకలితో వచ్చినవాళ్ళకి వేళ కాని వేళ కూడా వండి పెట్టిన తల్లి. ఆ పేరు పెట్టినప్పుడు అన్నం బాగుండాలి కదా అనేది ఇక్కడ పెద్దవాళ్ళ మాట, నిజంగానే బాగుంటోంది. 2025 జూన్ నుంచి సన్న బియ్యం వస్తున్నాయి. అంతకు ముందు లావు బియ్యం అన్నం చల్లారేసరికి బిరుసెక్కి, పిల్లలు సగం పళ్ళెం కుళాయి దగ్గర కడిగేసేవారు. ఇప్పుడు మారు అన్నం అడుగుతున్నారు. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది అదే.

గుడ్డు వారానికి ఐదు రోజులు. వంట చేసే అక్క పొద్దున్నే గుడ్లన్నీ బకెట్ నీళ్ళలో వేస్తుంది, తేలినవి తీసి పక్కన పెట్టి, మునిగినవే ఉడకబెడుతుంది. ఇది ఎవరూ చెప్పి చేయించింది కాదు, తన ఇంట్లో ఎలా చేస్తుందో ఇక్కడా అంతే. మూడు రోజులు రాగి జావ, మూడు రోజులు చిక్కీ, శనివారం పొంగలి. ఇంటి నుంచి ఏమీ తినకుండా వచ్చే పిల్లలు మా దాంట్లో చాలామందే ఉన్నారు. కొబ్బరి దింపుకి, వరి కోతలకి, చెరువుల పనికి తల్లిదండ్రులు తెల్లారకుండానే వెళ్ళిపోతారు. అలాంటి పిల్లలకి ఆ గ్లాసుడు జావ పడ్డాకే పాఠం బుర్రకెక్కుతుందని టీచరమ్మ చెప్తుంది, నేనూ కళ్ళారా చూశాను.

ఒక స్టారు ఎక్కడ తగ్గించానంటే కూర దగ్గర. అది వంట అక్క తప్పు కాదు, డబ్బు లెక్కే అలా ఉంది. 2025 మే 1 నుంచి ప్రైమరీ పిల్లకి రోజుకి 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకి 10 రూపాయల 17 పైసలు. ఇందులో ప్రతి రూపాయికీ కేంద్రం 60 పైసలు పెడితే రాష్ట్రం 40 పైసలు పెడుతుంది. బియ్యం, గుడ్డు, చిక్కీ విడిగా వస్తాయి. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాస్ మొత్తం ఈ డబ్బులోనే. కొలత ప్రకారం ప్రైమరీ పిల్లకి పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు, నూనె 5 గ్రాములు. నలభై మంది పిల్లలు తింటే రోజుకి వచ్చేది 271 రూపాయలు. కందిపప్పు కిలో 120 అనుకుంటే 800 గ్రాములకి 96 అయిపోతుంది, నూనెకి ఒక ముప్ఫై, కూరగాయలు కిలో యాభైకి దొరికితే రెండు కిలోలకి వంద. ఇక మిగిలిన నలభై ఐదు రూపాయల్లోనే గ్యాస్, చింతపండు, ఉప్పు, కారం అన్నీ. అదే వానలు పట్టి, కార్తీకంలో తుఫాను ఒకటి వచ్చి టమాటా, బెండకాయ ఎనభైకి ఎక్కాయనుకోండి, గ్యాస్ సంగతి అటుంచి పప్పు, నూనె, కూరగాయలకే డబ్బు చాలదు. అప్పుడు ఏం చేస్తారు? సాంబారు పలచబడుతుంది. పిల్లల పళ్ళెంలో నీళ్ళు కనిపిస్తే వంటామె మీద అరిచే తల్లిదండ్రులు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. పైగా బిల్లు రావడం ఆలస్యమైతే కిరాణా కొట్లో ఖాతా వంటామె పేరు మీదే నడుస్తుంది, తనకొచ్చే గౌరవ వేతనమా నెలకి మూడు వేలు. ఆ మూడు వేలలో నుంచి మన పిల్లల పప్పుకి అప్పు మోస్తోందంటే నాకైతే మనసొప్పదు. రేటు పెంచేటప్పుడు దేశమంతటికీ ఒకే అంకె వేయడం కాకుండా, కూరగాయల ధర పెరిగే నెలలకి కొంచెం ఎక్కువ ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆటలు. బడులకి కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ప్రైమరీ స్కూలుకి ఏడాదికి ఆటల గ్రాంటు 5,000 రూపాయలు, అప్పర్ ప్రైమరీకి 10,000, హైస్కూలుకి 25,000. మా వాటాకి రెండు స్కిప్పింగ్ తాళ్ళ కట్టలు, రింగులు, రెండు బంతులు, ఒక క్యారమ్స్ బోర్డు వచ్చాయి. బంతులు ఆడి ఆడి చిరిగాయి, అది మంచి సంగతే. ఇబ్బంది అంతా గ్రౌండుతో. డెల్టా నేల సంగతి తెలిసిందే కదా, నల్లమట్టి, పల్లం, పక్కనే పంట కాలువ. జులైలో నీళ్ళు నిలిస్తే ఆరేది దీపావళి దాటాకే. ఆ నాలుగు నెలలూ పిల్లలు వరండాలో కూర్చునే ఉంటారు. ఎదిగే పిల్లలకి రోజుకి గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మా వాళ్ళకి ఆ నెలల్లో పది నిమిషాలు కూడా ఉండదు. ఆటల గ్రాంటేమో సామానుకే, దాంతో మట్టి తోలిస్తే లెక్క కుదరదు. నాలుగు ట్రక్కుల గ్రావెల్ పడి ఒక మూలన ఎత్తు చేస్తే కబడ్డీకి, ఖోఖోకి చాలు. పీఈటీ, అంటే ఆటల టీచరు, ప్రైమరీకి ఎలాగూ ఉండరు, కనీసం ఆడటానికి చోటైనా కావాలి. అందుకే రెండు స్టార్లు, ఆ రెండూ ఇంట్లో పని వదిలి సాయంత్రం నిలబడి పిల్లలని ఆడించే టీచరమ్మకి.

ఇంకొకటి, గేటు ఎదురుగా కొట్టు. పిల్లలు పళ్ళెం కడిగి రాగానే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు కొంటున్నారు. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్నవి స్కూలుకి 50 మీటర్ల లోపు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. కొట్టు బాబాయికి పొట్ట కొట్టాలని నాకు లేదు, వేయించిన వేరుశనగలు, అరటిపండు పెట్టుకోమని అడిగాం, అరటిపండ్లు పెట్టాడు. రావులపాలెం అరటి మార్కెట్ ఇంత దగ్గరుండి మన పిల్లలకి పండు దొరకకపోతే ఎలా?

చుట్టుపక్కల ఊళ్ళ తల్లిదండ్రులకి ఒక మాట. తిథి భోజనం అని ఈ పథకంలోనే ఉంది. పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో బడి పిల్లలకి పండో, స్వీటో, ఇంకో కూరో మనం ఇవ్వవచ్చు. కేక్ బదులు చక్కెరకేళి గెల ఒకటి పంపండి. పెరట్లో మునగ, బచ్చలి, తోటకూర ఉన్నవాళ్ళు హెడ్మాస్టరు గారికి చెప్పి వారానికో కట్ట ఇవ్వండి, మా దాంట్లో ముగ్గురం మొదలుపెట్టాం, గురువారం పప్పు చిక్కగా, ఆకుపచ్చగా ఉంటోంది. కమిటీ మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కులు అడిగి వచ్చేయకుండా ఆటల గ్రాంటు ఎంత వచ్చింది, ఏం కొన్నారు అని అడగండి. మేం గ్రావెల్ కోసం పంచాయతీకి అర్జీ పెట్టాం, వేసవి సెలవుల్లో తోలిస్తామన్నారు. తోలించాక ఆటల స్టార్లు మార్చి మళ్ళీ రాస్తాను.