అద్దెకు మహిళా రాజకీయ ఖైదీల ప్రదర్శన సెట్టు: తెప్పించుకునే ముందు ఇవి చూసుకోండి

నెల్లూరు నుంచి స్కూళ్లకీ కాలేజీలకీ అద్దెకిస్తున్న ఈ సెట్టులో 22 ఫ్లెక్సీ బోర్డులు, రెండు ట్రంకు పెట్టెలు ఉంటాయి. స్టాలిన్ శిబిరాల్లో, హిట్లర్ రావెన్స్‌బ్రూక్‌లో, 1980ల్లో సోవియట్ మొర్దోవియాలో రాజకీయ ఖైదీలుగా ఉన్న ఆడవాళ్లు ఎలా బతికారు, ఒకరినొకరు ఎలా బతికించుకున్నారు అన్నదే విషయం. రెండు రోజులకు 2,500 రూపాయలు, డిపాజిట్ 3,000. బోర్డులు తగిలించి ఊరుకునేట్టయితే ఆ డబ్బు దండగ. పెట్టెలు తెరిచి పిల్లల చేతికిస్తే మాత్రం ప్రతి రూపాయికీ న్యాయం జరుగుతుంది.

బోర్డులు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. మూలల్లో రింగులున్నాయి గానీ అడుగున కర్ర లేదు. కొత్తపట్నం, కావలి వైపు సముద్రపు గాలికి వరండాలో కడితే మధ్యాహ్నానికల్లా తెరచాపల్లా ఉబ్బి రింగుల దగ్గర చిరుగుతాయి. కింద వెదురు బద్ద కట్టండి, లేదా గదిలోనే పెట్టండి. ఐదో బోర్డు గుమ్మానికి ఎదురుగా ఉండాలి. అది స్టాలిన్ రహస్య పోలీసు శాఖ ఎన్‌కేవీడీ 1937 ఆగస్టు 15న ఇచ్చిన ఉత్తర్వు 00486. భర్త మీద ద్రోహి అన్న ముద్ర పడితే చాలు, భార్యకు 5 నుంచి 8 ఏళ్ల శిబిరం. ఆమె ఏ తప్పూ చేసి ఉండక్కర్లేదు. అలా పట్టుకొచ్చిన ఆడవాళ్లతోనే కజకిస్తాన్‌లో అక్మొలిన్‌స్క్ దగ్గరి శిబిరం నిండింది. ఇది చదవకుండా లోపలికెళ్లిన పిల్లలు మొదట అడిగేది "వీళ్లేం చేశారు టీచర్?" అనే.

మొదటి పెట్టెకు ప్రాణం గోడ తట్టే చెక్క. వేర్వేరు గదుల్లోని ఖైదీలు మధ్య గోడను తట్టి, తట్ల లెక్కతో అక్షరాలు చెప్పుకునేవాళ్లు. సోవియట్ రచయిత్రి యెవ్‌గేనియా గింజ్‌బుర్గ్ 1937లో అరెస్టయినప్పుడు పక్క గది నుంచి తట్టుడు వినబడింది. జార్ కాలపు ఖైదీ వేరా ఫిగ్నర్ జ్ఞాపకాల్లో ఎప్పుడో చదివింది గుర్తొచ్చి, ఆ తట్టుడును విప్పుకుంది. ఒక ఆడఖైదీ రాసిపెట్టిన సంగతి ఇంకో తరం ఆడఖైదీకి అక్కరకొచ్చింది. ఈ ముక్క బోర్డు మీద చక్కగా ఉంది. ఏ అక్షరానికి ఎన్ని తట్లో చూసుకోవడానికి సెట్టుతో ఇచ్చే పట్టికే తప్పు. ఐదేసి ఇంగ్లీషు అక్షరాలతో ఐదు వరుసలు, కె బదులు సి: అది వియత్నాంలో అమెరికన్ యుద్ధఖైదీలు వాడిన పట్టిక. రష్యన్ ఖైదీలు రష్యన్ అక్షరాలనే వరుసలుగా పేర్చుకున్నారు.

దాన్ని పక్కన పెట్టి తెలుగు పట్టిక రాసుకోండి. ఆరేసి గళ్లతో ఐదు వరుసలు చాలు. మొదటి వరుస అ ఆ ఇ ఉ ఎ ఒ. రెండోది క గ చ జ ట డ. మూడోది ణ త ద న ప బ. నాలుగోది మ య ర ల ళ వ. ఐదోది శ ష స హ, సున్న, చివరి గడి "మాట అయిపోయింది" అనడానికి. ఒత్తులూ, ఆ తప్ప మిగతా దీర్ఘాలూ వదిలేయండి, గుణింతాన్ని హల్లు తర్వాత అచ్చుగా తట్టండి. ముందు వరుస, తర్వాత గడి. "నీరు" అంటే న, ఇ, ర, ఉ: 3-4, 1-3, 4-3, 1-4. మొత్తం 23 తట్లు.

చెడేదల్లా ఎడం దగ్గరే. వరుసకీ గడికీ మధ్య ఒక లెక్క, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు లెక్కలు ఆగాలి. ఈ రెండు చోట్లా ఒకే ఎడంతో కొట్టినప్పుడు అవతలివాళ్లు మొదటి మూడు తట్లు వినకపోతే న, ఇ, ర కాస్తా మ, న, ణ అయిపోతుంది. మాట అర్థమైనవాళ్లు ఒక్క తట్టు బదులివ్వాలని నియమం పెట్టండి. బదులు రాకపోతే మాట మొదటి నుంచీ మళ్లీ కొట్టాలి.

రెండో పెట్టె రావెన్స్‌బ్రూక్‌ది. బెర్లిన్‌కు ఉత్తరాన 1939 మేలో తెరిచిన ఆడవాళ్ల శిబిరం అది. అక్కడ నాజీ డాక్టర్లు 74 మంది పోలండ్ ఖైదీల మీద ప్రయోగాలు చేశారు. శిబిరంలో వాళ్లకు "కుందేళ్లు" అని పేరు. 1943లో వాళ్లు ఇంటికి రాసే ఉత్తరాల్లోనే మూత్రంతో కనబడని రాత రాసి ఆ ఘోరాన్ని బయటపెట్టారు. ఇంట్లోవాళ్లు కాగితం మీద ఇస్త్రీపెట్టె పెట్టి చదివారు. 1945 ఫిబ్రవరిలో చంపేస్తారని తెలిసినప్పుడు తోటి ఖైదీలు వాళ్లను దాచారు.

ఆ ఉత్తరం పిల్లలతో రాయించడానికి ఒక పొదలకూరు నిమ్మకాయ పిండి, రసానికి సమంగా నీళ్లు కలపండి. చిక్కగా ఉంటే ఆరాక మెరిసి దొరికిపోతుంది. దూది చుట్టిన పుల్లతో రాయించండి, మొనతో గీరితే గాడి కనబడుతుంది. పెట్టెలో ఇచ్చిన నునుపు కాగితం రసం పీల్చదు, మామూలు నోటుబుక్కు కాగితం మేలు. ఆవిరి లేని ఇస్త్రీపెట్టె, మధ్యస్థం వేడి, పెద్దవాళ్ల చేతిలోనే. గోధుమరంగు తేలగానే తీసేయండి.

సబ్బు పాఠం సులువు, అందరికీ గుర్తుండిపోయేదీ అదే. మొర్దోవియా శిబిరంలో ఉన్న కవయిత్రి ఇరీనా రతుషిన్స్‌కయాకు 1983లో 7 ఏళ్ల శిబిరం, ఆ పైన 5 ఏళ్ల ప్రవాసం వేశారు. కాగితం దొరికితే ప్రమాదమని అగ్గిపుల్లతో సబ్బు మీద పద్యం గీసి, కంఠస్థం అయ్యాక చేతులు కడిగేసేది. 1986 అక్టోబరులో విడుదలైంది. సెట్టులోని ఒంటిసబ్బు ఎండకు మెత్తబడి అక్షరం నిలవదు, ఆరిన బట్టలసబ్బు కొనుక్కోండి. నాలుగు పాదాలు గీయించి, అప్పజెప్పించి, కడిగించండి. చేప ముల్లు సూదులు కూడా పెట్టారు గానీ ఎండిపోయి పట్టుకుంటేనే విరుగుతున్నాయి.

చివరి బోర్డు మన పొణకా కనకమ్మ గారిది. స్వాతంత్ర్యోద్యమంలో ఆమె జైలుకెళ్లారు, ఈ జిల్లా పిల్లలు తెలుసుకోవాల్సిందే. కానీ రావెన్స్‌బ్రూక్ పక్కనే వేలాడదీస్తే వలస పాలన జైలూ నాజీ శిబిరమూ ఒకటే అన్నట్టుంటుంది. ఆమెకు వేరే గోడ ఇవ్వండి.

తట్టే చెక్క ఒక్కటే ఇస్తున్నారు, 40 మంది తరగతికి చాలదు. అరంగుళం చెక్క, ఆరడుగులది ఇంకొకటి ఊళ్లో కోయించుకోండి. రెండు బల్లల మీద ఆన్చి, మధ్యలో దుప్పటి తెర కడితే ఈ చివర తట్టినది ఆ చివర చెవి ఆనించినవాళ్లకు స్పష్టంగా వినబడుతుంది.