నైరోబీ: అప్పటిదా, ఇప్పటిదా?

కెన్యా రాజధాని నైరోబీ పాతకాపులను కదిపితే చాలు, 1970ల ఊరు గుర్తుచేసుకుంటారు. 1969 జనాభా లెక్కల్లో అక్కడున్నది సుమారు 5 లక్షల మంది. 2019కల్లా దాదాపు 44 లక్షలు! 1973లో కట్టడం పూర్తయిన కెన్యాట్టా కాన్ఫరెన్స్ సెంటరు అప్పట్లో ఎటునుంచి చూసినా కనిపించేది. ఇప్పుడు దాన్ని అద్దాల మేడల మధ్య వెతుక్కోవాలి.

మటాటుల (అక్కడి ప్రైవేటు మినీబస్సుల) సంగతి సరదాగా ఉంటుంది. స్వాహిలీలో 'టాటు' అంటే మూడు. మూడు పది సెంట్ల నాణేలిస్తే ఎక్కించుకునేవారట, అందుకే ఆ పేరు అంటారు. అప్పటివి డొక్కు బళ్లు. ఇప్పటివాటికి ఒళ్లంతా బొమ్మలు, లోపల టీవీలు, చెవులు చిల్లులుపడే పాటలు. ప్రయాణం టెన్షనే గానీ, చూడ్డానికి మాత్రం ఇప్పటివే బాగుంటాయి.

సాయంత్రాల విషయంలో నా ఓటు పాత ఊరికే. థికా రోడ్డు పక్కన ఫాక్స్ డ్రైవ్-ఇన్‌లో కారు దిగకుండానే సినిమా చూసేవారు. (కారున్నవాళ్లే లెండి. మిగతావాళ్ల జ్ఞాపకాలు వేరేగా ఉంటాయి.) ఇప్పుడు అదే రోడ్డు పెద్ద హైవే అయింది. 2022లో మరోవైపు 27 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. టోలు కట్టినవాళ్లు పైన దూసుకుపోతారు, కింద ట్రాఫిక్ మామూలే.

జకరందా పూలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అక్టోబరులోనే రోడ్లమీద ఊదారంగు పరుస్తున్నాయి.